చిన్న పాఠశాలల క్రీడాకూటములు: చరిత్రయు సభ్యత్వమును

ప్రతి సంవత్సరము బడులు తెరచిన కొలది వారములకే మన పిల్లలు ఇంటికొక కాగితమును తెచ్చుదురు. దానిపై కన్నడమున ‘క్రీడాకూట’ యని పెద్ద అక్షరములతో నుండును. అడుగున తల్లియో తండ్రియో వ్రాలు చేయుటకు ఒక గీత యుండును. కొందరు సంతోషముతో వ్రాలు చేసి పంపుదురు. కొందరు ‘పదవ తరగతి పిల్లకు పరుగుపందెములేల?’ యని దానిని మడిచి గూటిలో నుంచుదురు. అట్లు గూటిలో నిలిచిపోయిన కాగితములే మా వంటి చిన్నబడికి మిక్కిలి నష్టమును కలిగించుచున్నవి. పెద్దబడిలో ఒక పిల్ల రాకున్న మరియొకతె వచ్చును. మా బడిలో ఒక పిల్ల రాకున్న జట్టే లేదు.

కావున ఆ కాగితము వెనుకనున్న సంగతిని తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి. బడులు ఒకదానితో నొకటి పోటీపడుటకు కూటములుగా నెట్లేర్పడినవి? వానిలో సభ్యులెవరు? చిన్నబడికి అందు గల తావెట్టిది? సరిహద్దు జిల్లాయైన మన బళ్లారిలో ఆ యేర్పాటు ఎట్లు మారుచు వచ్చినది? ఈ ప్రశ్నలకు తెలిసినంతలో సమాధానము చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

కూటమి యననేమి?

ఆటకు ఎదిరిపక్షము కావలెను. ఒంటిచేత చప్పట్లు మ్రోగవు. ఒక బడి ఎంత చక్కని జట్టును తయారుచేసినను ఆడుటకు రెండవ బడి లేనిచో ఆ శ్రమ వ్యర్థము. ఆ రెండవ బడిని ప్రతి పర్యాయము వెదకికొనుట కష్టము. వచ్చిన బడి తనకు నచ్చిన నియమములనే పాటించినచో తగవు తప్పదు. పదునెనిమిదేండ్ల యువకుని పదునాలుగేండ్ల బాలున కెదురుగా నిలిపినచో దెబ్బలు తప్పవు. ఈ మూడు చిక్కులను తీర్చుటకే పాఠశాలలు కూటములుగా కూడినవి. ఎవరు ఏనాడు ఎవరితో ఆడవలయునో ముందుగా నిర్ణయించుట, వయోనియమమును అందరికి ఒకటిగా చేయుట, ఇరుపక్షములకు సమ్మతులైన రెఫరీలను కుదుర్చుట అనునవియే కూటమి చేయు పనులు.

అమెరికా దేశమున ఇట్టి కూటమిని ‘కాన్ఫరెన్సు’ అందురు. ఒకదానికొకటి చేరువగా నుండి, విద్యార్థుల సంఖ్యలో ఇంచుమించు సమానమగు కొన్ని ఉన్నత పాఠశాలలు తమంతట తామే కూడి దీనిని ఏర్పరచుకొనును. ఇష్టపడి చేరవచ్చును, బడి పెరిగినను తరిగినను దీనిని వీడి తనకు తగిన వేరొక కూటమిలో చేరవచ్చును. వీనిపైన ప్రతి రాష్ట్రమునకు ఒక సంఘముండును. టెక్సస్ రాష్ట్రపు సంఘము 1910 లో విశ్వవిద్యాలయము వారి ఆదరణమున వక్తృత్వపు పోటీలతో ప్రారంభమై, పిమ్మట ఆటలను చేర్చుకొన్నది. రాష్ట్ర సంఘములన్నిటిని కలుపు సమాఖ్యకు 1920 లో పునాది పడినది.

ఆ దేశమున చిన్నబడులు తమ చిక్కును ఎట్లు తీర్చుకొన్నవో తెలుపు ఉదాహరణములు రెండు కలవు. అక్కడివారు ఫుట్‌బాలని పిలుచు ఆట మన ఫుట్‌బాలు కాదు. బంతిని చేతబట్టి పరుగిడు ఆట. దానికి పక్షమునకు పదునొకండుగురు కావలెను. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యములో పల్లెబడులకు అంతమంది దొరకకపోయిరి. 1934 లో నెబ్రాస్కా రాష్ట్రమున చెస్టర్ అను చిన్నయూరి ఉపాధ్యాయుడైన స్టీఫెన్ ఎప్లర్ ఆ ఆటను ఆరుగురితో ఆడునట్లు మార్చెను. అది నాటినుండి నేటివరకు పల్లెబడులలో నిలిచియున్నది. పిల్లలు చాలరని ఆటను మానుటకు బదులు, ఉన్న పిల్లలకు తగినట్లు ఆటనే సవరించుకొనిరన్నమాట.

రెండవది ఇండియానా రాష్ట్రములోని మిలాన్ అను ఊరి బడి కథ. ఆ రాష్ట్రమున బాస్కెట్‌బాలు పోటీలలో చిన్నబడి, పెద్దబడి యను భేదము ఆనాడు లేదు. అన్నియు ఒకే వరుసలో ఆడవలసియుండెను. 1954 లో మిలాన్ బడిలోని విద్యార్థులు 161 మంది మాత్రమే. అయినను ఆ జట్టు రాష్ట్రపు తుదిపోటీలో పెద్దబడియైన మన్సీ సెంట్రల్‌ను 32–30 తో గెలిచెను. ఆ బాలురలో పలువురు చిన్ననాటినుండి ఏండ్ల తరబడి కలిసి ఆడినవారు. ఈ కథ అందరికి ముచ్చట గొలుపును. కాని అట్టి గెలుపు అరుదు గనుకనే నేటికిని దానిని చెప్పుకొనుచున్నారు. తుదకు ఆ రాష్ట్రమువారే 1997–98 నుండి బడులను విద్యార్థుల సంఖ్యనుబట్టి తరగతులుగా విభజించి పోటీలు నడుపుచున్నారు.

మన దేశమున

మన ప్రాంతము 1953 వరకు మద్రాసు రాజ్యములోనిది. ఆ రాజ్యమున వ్యాయామ విద్యకు మూలస్థానము మద్రాసులోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల. దానిని 1920 లో హారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు స్థాపించెను. అంతకు పూర్వము బడిలో వ్యాయామమన్న సిపాయిల కవాతు వంటి డ్రిల్లు మాత్రమే. ఆటలకు కొలతలు, నియమములు, పోటీల క్రమము నేర్చిన ఉపాధ్యాయులు క్రమక్రమముగా బడులలో ప్రవేశించుటతో డ్రిల్లు మాస్టరు వ్యాయామోపాధ్యాయుడయ్యెను. తెలుగువారిలో కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడు గారు సర్కసులలో కీర్తి గడించుటకు ముందు విజయనగరమున బడి వ్యాయామోపాధ్యాయులే యన్న సంగతి పలువురెరుగరు.

అమెరికావారి కాన్ఫరెన్సును పోలిన కూటమి మన దేశమున 1939 లో పుట్టినది. అదియే ‘ఇండియన్ పబ్లిక్ స్కూల్స్ కాన్ఫరెన్స్’. డెహ్రాడూనులోని డూన్ స్కూలు, అజ్మీరులోని మేయో కళాశాల, గ్వాలియరులోని సింధియా స్కూలు వంటివి అందు చేరినవి. తెలుగు దేశమున హైదరాబాదు పబ్లిక్ స్కూలు అందు సభ్యపాఠశాల. ఈ బడులు ఏటేట ఒకదాని ఇంట నొకటి అతిథులై పోటీలు జరుపుకొనును. అందలి సభ్యత్వము కోరి పొందునది. విశాలమైన ఆటస్థలములును వసతిగృహములును గల సంస్థలకు తగినది. మన వంటి బడుల కది అందునది కాదు.

సామాన్య పాఠశాలలకు దారి చూపినది వేరొక సంస్థ. మిలాన్ బడి గెలిచిన ఆ 1954 లోనే మన దేశమున ‘స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా’ ఏర్పడినది. ఇందు విడివిడి బడులు సభ్యులు కావు. రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములు, వానితోపాటు కేంద్రీయ విద్యాలయముల సంస్థ, నవోదయ విద్యాలయముల సమితి, సి.బి.ఎస్.ఇ., విద్యాభారతి వంటి సంస్థలు సభ్యులు. పోటీలు పదునాలుగు, పదునేడు, పందొమ్మిదేండ్ల లోపువారికి వేరువేరుగా జరుగును. మన రాష్ట్ర విద్యాశాఖవారు నడుపు క్రీడాకూటములకు పైమెట్టు ఇదియే.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. అమెరికాలో బడి తన కూటమిని తానే ఎన్నుకొనును. మన దేశమున బడి ఏ యూరిలో నున్నదో ఆ యూరే దాని కూటమిని నిర్ణయించును. కోరవలసిన పనిలేదు, కాదనువారు లేరు. అరువదిమంది గల బడికిని ఆరువందలమంది గల బడికిని ప్రవేశ మొక్కటే. ఇది గొప్ప హక్కు. కాని ప్రవేశము సమానమైనంత మాత్రమున బలము సమానము కాదు.

సరిహద్దు గీతయు బళ్లారి బడులును

మన జిల్లా చరిత్రనంతయు ఇచ్చట వ్రాయబోము. బడులకు సంబంధించినంత మాత్రమే చెప్పుదుము. 1800 లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. 1882 లో బళ్లారి జిల్లానుండి అనంతపురము విడివడినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మాత్రము అటు తరువాతను బళ్లారి జిల్లాలోనే యుండెను. అనగా ఆదవానిలో చదువు బాలుడును, సిరుగుప్పలో చదువు బాలుడును, బళ్లారి పట్టణపు బాలుడును ఒకే జిల్లావారు. ఒకే విద్యాధికారుల పాలనలోనివారు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమున చేరినవి. బళ్లారి, హోసపేట, సిరుగుప్ప, సండూరు, కూడ్లిగి, హడగల్లి, హరపనహళ్లి తాలూకాలు మైసూరు రాజ్యమున చేరినవి. బళ్లారి తాలూకా ఎవరికి చెందవలయునన్న వివాదమును పెద్దలెరుగుదురు; ఆ పుండును ఇప్పుడు కదల్చుట మా యుద్దేశము కాదు. పిల్లల ఆటలకు కలిగిన ఫలము మాత్రము ఇది: ఒక జిల్లా బడులు రెండు రాష్ట్రముల బడులయ్యెను. నేడు రాయదుర్గపు బాలిక మండలము, జిల్లా, రాష్ట్రము అను మెట్లను ఆంధ్రప్రదేశమున ఎక్కవలెను. మన బాలిక హోబళి లేక వలయము, తాలూకా, జిల్లా, విభాగము, రాష్ట్రము అను మెట్లను కర్ణాటకమున ఎక్కవలెను. ఒక పూటలో పోయి రాదగిన దూరమున నున్న ఈ ఇరువురును పాఠశాలల అధికార పోటీలలో కలిసికొనవలెనన్న ఇరువురును తమ తమ రాష్ట్రముల గెలిచి జాతీయపోటీలకు చేరవలెను.

ఇటీవల గీతలు మరికొన్ని మారినవి. 2021 లో హోసపేట ముఖ్యస్థానముగా విజయనగర జిల్లా ఏర్పడుటతో పడమటి తాలూకాలు మన జిల్లానుండి వేరుపడినవి. ఇప్పుడు బళ్లారి జిల్లాలో బళ్లారి, సిరుగుప్ప, సండూరు, కంప్లి, కురుగోడు అను అయిదు తాలూకాలు కలవు. జిల్లాలో గెలిచినవారు కలబురగి విభాగపు పోటీలకు పోవుదురు. అందు బీదరు, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళ, విజయనగర జిల్లాలవారు ఎదురగుదురు. అటుపిమ్మట బెంగళూరు, మైసూరు, బెళగావి విభాగములవారితో రాష్ట్రపు పోటీ.

ఇన్ని మార్పులలోను మారనిది ఒకటియే. గీత ఎచట పడినను మొదటి మెట్టు మన పొరుగుబడితో ఆడు ఆటయే.

చిన్నబడి లెక్క

తల్లిదండ్రులు మాతోకూడ ఒక చిన్న లెక్కను చేయుదురుగాక. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులలో కలిపి అరువదిమంది గల బడి యొకటి యున్నదనుకొందము. అందు బాలికలు ముప్పదిమంది. ఖోఖోకు బరిలో తొమ్మిదిమంది కావలెను. అలసినవారికి, దెబ్బతగిలినవారికి బదులుగా ముగ్గురైనను ఉండవలెను. మొత్తము పండ్రెండుగురు, అనగా ప్రతి అయిదుగురు బాలికలలో ఇద్దరు ఆ జట్టులో నుండవలెను. మూడువందలమంది బాలికలు గల బడికి ఇరువదియైదుగురిలో ఒకతె చాలును. ఆ బడి ఏరుకొనును. మన బడి ఉన్నవారందరిని కూడదీసికొనవలెను.

కబడ్డీకి ఏడుగురు, వాలీబాలుకు ఆరుగురు, రిలే పరుగునకు నలుగురు కావలెను. ఫుట్‌బాలు, హాకీ, క్రికెట్టులకు పదునొకండుగురు. ఈ సంఖ్యలను చూచినంతనే చిన్నబడి దేనికి ప్రయత్నింపవలెనో, దేనికి ఆశపడరాదో తెలియును. మన తాతలనాటి చెడుగుడే కబడ్డీ. దానికి కావలసినది ఏడుగురు పిల్లలును ఒక మెత్తని నేలయును. ఇక ఒంటరి పరుగులు, దూకుడు, గుండు విసరు మున్నగు వానికి జట్టు అక్కరయే లేదు. బడి ఎంత చిన్నదైనను నూరుమీటర్ల పరుగు నూరుమీటర్లే.

మరియొక చిక్కు ఉపాధ్యాయులది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధమున ప్రతి బడికిని ఆటస్థలముండవలెనని కలదు. కాని ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులలో ఆరోగ్య వ్యాయామ విద్యకు వేరుగా పార్ట్‌టైము బోధకుని నియమింపవలెనన్న నిబంధన నూరుమందికి మించి పిల్లలున్న బడులకే వర్తించును. కావున చిన్నబడిలో లెక్కలు చెప్పు అయ్యవారో తెలుగు చెప్పు అమ్మగారో ఈల పట్టుకొని నిలువవలసి వచ్చుచున్నది. మా బడిలో జరుగుచున్నదియు ఇదియే.

ఒక సంవత్సరమున జరిగిన సంగతిని దాచక చెప్పెదము. మా బాలికలు తొమ్మిదిమంది ఆరు వారములు ఖోఖోను సాధన చేసిరి. తాలూకా పోటీనాటి ఉదయమున బస్సువద్దకు ఎనిమిదిమందియే వచ్చిరి. తొమ్మిదవ బాలిక ఇంట అక్కకు నిశ్చితార్థము. పిల్లను పంపుటకు వీలుకాదని తల్లి కబురంపెను. పండ్రెండవ పిల్ల మాట దేవుడెరుగు, పదవ పిల్లయే లేదు. జట్టు పేరు కొట్టివేయబడినది. ఆ ఎనిమిదిమందియు ఎండలో గోడవారగా కూర్చుండి ఇతరుల ఆటను చూచి, మధ్యాహ్నపు బస్సులో మరలివచ్చిరి. త్రోవలో ఒక్కరును మాటాడలేదు. ఆ తప్పు ఆ తల్లిది కాదు. తొమ్మిదిమంది ఆటకు తొమ్మిదిమందినే తయారుచేసిన మాది. ఆమె పిల్ల రానిచో తక్కిన ఎనిమిదిమందికి ఆట పోవునన్న సంగతిని ఆమెకు ముందుగా చెప్పని మాది. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మధ్యాహ్నమే కారణము.

చేయదగిన పని

అమెరికా చిన్నబడులనుండి మనము గ్రహింపదగినది ఒక్కటే: పెద్ద పోటీకి ముందు చిన్నబడులు తమలో తాము తరచుగా ఆడవలెను. శాఖవారి క్రీడాకూటమున ఓడిన జట్టు ఒక్క ఆటతోనే ఇంటికి వచ్చును. ఏడాదికి ఒక్క ఆట ఆడిన పిల్ల ఆటను నేర్వజాలదు. సైకిలుపై పోదగిన దూరమున నున్న నాలుగైదు చిన్నబడులు కూడినచో అదే పిల్లకు పది ఆటలు దొరకును.

మా ఆలోచన ఇది. శనివారము ఒంటిపూట బడి ముగిసిన పిమ్మట, వారము విడిచి వారము, ఒక్కొక్కమారు ఒక్కొక్క బడిలో కబడ్డీ, ఖోఖో, రిలే పరుగు మాత్రమే ఆడింపవలెను. వ్యాయామోపాధ్యాయుడు గల బడినుండి ఆయన వచ్చి రెఫరీగా నుండవలెను. కప్పులు, షీల్డులు వలదు, ఖర్చు వలదు. జట్టునకు పిల్లలు చాలనప్పుడు ఎదిరి బడి తన పిల్లలలో ఒకరిని అప్పివ్వవలెను. శాఖవారి పోటీలలో ఏ బడి జట్టు ఆ బడిదే కావలెను గనుక అక్కడ ఇది చెల్లదు. మన శనివారపు ఆటలలో చెల్లును. ఇది శాఖవారి పోటీకి బదులు కాదు, దానికి సాధన మాత్రమే. వీలుపడినచో ఇరుపక్షముల ప్రధానోపాధ్యాయుల అనుమతితో రాయదుర్గపు బడులతో ఏడాదికొక స్నేహపు పోటీని జరుపుకొనవచ్చును.

ఈ కూటమిలో తెలుగుబడులే యుండవలెనని మేము కోరుట లేదు. కన్నడపు బడియైనను ఉర్దూబడియైనను చిన్నబడియైన చాలును. ఇందు మనకొక లాభము కూడ కలదు. భాషా అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను నడుపుకొనుటకు రాజ్యాంగపు 30వ అధికరణము హక్కునిచ్చుచున్నది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపవలెనని 1956 లో చేర్చిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కులను కాపాడుకొందము. కాని మన పిల్లలు బ్రదుకవలసినది కన్నడనాట. తరగతిలో కన్నడము మాటాడుటకు సిగ్గుపడు పిల్ల బరిలో తోటిపిల్లను పిలుచుటకు సిగ్గుపడదు. వ్యాకరణము నేర్వని మాటను ఆట నేర్పును. తెలుగును విడువకయే కన్నడమును స్నేహముతో నేర్చు చోటు ఆటస్థలముకన్న వేరొకటి మాకు కానరాదు.

తల్లిదండ్రులకు మనవి

మొదటిది: సమ్మతి కాగితమును గూటిలో నుంచకుడు. పంపదలచకున్నచో ‘పంపము’ అని వ్రాసి వెంటనే తిరిగి పంపుడు. వేరొక పిల్లను తయారుచేయుటకు మాకు వ్యవధి దొరకును.

రెండవది: వయస్సునుబట్టి జరుగు పోటీలకు పుట్టినతేదీ ఋజువు కావలెను. మనవారిలో ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను వ్రాయబడుట తరచుగా జరుగును. తెలుగు పేరు కన్నడాక్షరములలోను ఇంగ్లీషులోను వేరువేరుగా పడుటయు కద్దు. జననపత్రము, ఆధారు, బడిలెక్క మూడింటను పేరును తేదీని సరిచూచుకొనుడు. పోటీనాడు దిద్దుటకు వీలుపడదు.

మూడవది: బాలికలను ఎనిమిదవ తరగతితో ఆట మాన్పింపకుడు. ప్రయాణమున తోడు కావలెనన్న తల్లులలో ఒకరు వంతుల ప్రకారము మా వెంట రావలెనని కోరుచున్నాము. తల్లి వెంటనున్న జట్టునకు ధైర్యము హెచ్చు.

నాలుగవది: మార్కులు తగ్గునని భయపడువారికి ఒక మాట. సాధనకు మేమడుగునది సాయంకాలము ఒక గంట. ఆ గంట తరువాత చదువునకు కూర్చుండని పిల్లను గూర్చి మాకు తెలుపుడు. ఆ పూచీ మాది.

మన జిల్లాలోనే, తోరణగల్లు చెంత విజయనగరమున 2018 లో ప్రారంభమైన ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ అను శిక్షణాసంస్థ కలదు. టోక్యో ఒలింపిక్ క్రీడలలో, 2021 ఆగస్టున, బల్లెము విసరి స్వర్ణపతకమును గెలిచిన నీరజ్ చోప్రా అచట శిక్షణ పొందినవాడే. మన పిల్లలందరు అంతవారు కావలెనని మేమనుట లేదు. కాని తాలూకా బరిలో కాలుపెట్టని పిల్లవాని పరుగును ఎవరును చూడజాలరు.

ఈ సంవత్సరము మేము ఖోఖోకు పదునలుగురు బాలికల పేర్లు వ్రాసికొన్నాము. అందు కొందరి కాగితములు ఇంకను రావలసియున్నవి. ఇంటి గూటిలో ఒకమారు వెదకి చూడవలసినదిగా ప్రార్థించుచున్నాము.